పానం ఇయ్యి మామా

తుంగభద్ర కర్నూల్లోకి వచ్చి పోయిన ఇరవై రెండో ఏడు అది. పాతబస్తీలో ఏ సంగతికైనా లెక్క అక్కణ్నుంచే. పెళ్లి వరదకు ముందా, తర్వాతా. గోడ వరద చూసిన గోడా, కొత్త గోడా. ఆ లెక్కన సుంకన్నకు వీడియో గేముల మీద మనసు విరిగింది ఇరవై రెండో ఏడు ఎండాకాలంలో.

పాలు విరిగినట్టు ఒక్కసారిగా విరగలేదు. పన్ను కదిలినట్టు కదిలింది. మొదట ఒక ఆట సగంలో ఆపాడు. తర్వాత ఇంకోటి మొదట్లోనే ఆపాడు. ఆ తర్వాత ఆట తెరుచుకునే లోపే చెయ్యి వెనక్కి వచ్చేసేది.

అలా జరగకూడని మనిషి అతను. కొండారెడ్డి బురుజు వెనక సందులో గేముల హాలు అతనిదే. తలకు తొడుక్కుంటే నాలుగు పక్కలా కోటలూ అడవులూ లేచి నిలబడే టోపీలు అక్కడ వరసగా కొక్కేలకు వేలాడుతుంటాయి. ఏ కొత్త ఆట వచ్చినా ముందు తను ఆడి, "ఇది ఆడండప్పా, అది వద్దు, ఉత్త డబ్బా" అని కాలేజీ పిల్లలకు చెప్పేవాడు. సుంకన్న బాగుందంటే బాగున్నట్టే. ఇప్పుడు వాళ్లు అడిగితే, "మీరే ఆడి చూసుకోండి" అంటున్నాడు.

హాల్లో నిలవలేడు, ఇంట్లో కూర్చోలేడు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. ఒక టోపీ తొడుక్కుంటాడు, తీస్తాడు, తుడుస్తాడు, తగిలిస్తాడు. ఇంకోటి అందుకుంటాడు. ఉట్టి మీది కుండలన్నిటికీ మూతలు తీసి చూసి ఏదీ ముట్టకుండా పోయినట్టు ఉండేది ఆ వాలకం.

"ఏమయ్యా, మిఠాయి అంగడోనికి చక్కెర చేదైందంట. నీ కథ అట్లుంది" అని నవ్వింది భార్య జయమ్మ.

అతను నవ్వలేదు.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. సుంకన్నకు అది తిరగబడింది. కొత్త ఆటలు ఎంత రోతపుడితే పాతవి అంతగా పీకేవి. అన్నం కలుపుతుంటే వేళ్లు ఉన్నట్టుండి ఆగిపోయేవి. ఏదో పాత ఆట పాట, మూడు ముక్కల కీచురాగం, చెవిలో మోగేది. అప్పుడు అతని ముందు కంచం ఉండేది కాదు. చిన్నప్పుడు ఆడుకున్న బాషా భాయ్ వీడియో గేముల అంగడి ఉండేది.

ఒక్క గది, మూడు టీవీలు. వేడెక్కిన అడాప్టరు వాసన. పసుపుపచ్చ క్యాసెట్ మీద తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని అచ్చు వేసి ఉండేది. నిజానికి పదో పన్నెండో. మిగతావన్నీ అవే ఆటలు వేషం మార్చుకుని వచ్చేవి. అయినా రేపు ఇంకో కొత్త ఆట దొరుకుతుందని పిల్లలు ఆఖరి దాకా నొక్కుకుంటూ పోయేవాళ్లు. క్యాసెట్ పడకపోతే బయటికి లాగి ఊదాలి. ఊదడం ఖాజా పని. "బిస్మిల్లా" అని ఊదేవాడు. వాడు ఊదితే పడేది.

ఖాజా, సుంకన్న జోడీ. ఇద్దరు సిపాయిలు అడవిలో ఉరుకుతూ కాల్చుకుంటూ పోయే ఆట వాళ్లది. ఒక్కొక్కరికి ఇన్ని పానాలని ఉండేవి. పెద్ద ఊళ్లలో వాటిని లైఫులనేవాళ్లు గానీ కర్నూలు పిల్లలు పానాలనే అనేవాళ్లు. ఒకడి పానాలు అయిపోతే, బటన్ నొక్కి రెండోవాడి దాంట్లోంచి ఒకటి తీసుకోవచ్చు. అయితే బాషా భాయ్ అంగడిలో దానికొక కట్టుబాటు ఉండేది. అడిగి తీసుకోవాలి. అడక్కుండా నొక్కినవాడు దొంగ. దొంగను ఆ వారమంతా ఎవరూ జోడీ కట్టుకోరు.

"పానం ఇయ్యి మామా."

"తీస్కో రా."

అంతే. అది తన ఆఖరి పానమైనా ఖాజా ఏనాడూ లేదనలేదు.

వరదకు అంగడి మునిగింది. అప్పటికి ఇద్దరూ మీసాలొచ్చిన మొగోళ్లే. అయినా పోయి, మోకాటి లోతు బురదలో చేతులు పెట్టి దేవులాడారు. పసుపుపచ్చ క్యాసెట్ దొరికింది. కడిగి మిద్దె మీద ఎండబెట్టారు. ఖాజా బిస్మిల్లా అని ఊదాడు. నోట్లోకి బురద పొడి వచ్చింది తప్ప ఆట పడలేదు. ఖాజా ఇప్పుడు ఆదోనిలో హోటలు నడుపుతున్నాడు. ప్రతి శుక్రవారం నమాజు అయినాక ఫోన్ చేసి, "పానముందా రా?" అంటాడు. "ఉంది రా" అంటాడు సుంకన్న. మిగతా మాటలు ఉంటే ఉంటాయి, లేకుంటే లేవు.

ఆ పాత ఆట ఇప్పుడు ఎవరికైనా ఊరికే దొరుకుతుంది. సుంకన్న దాన్ని తెచ్చుకుని ఆడాడు. సిపాయి ఉరికాడు, కాల్చాడు, గెలిచాడు. ఒక్క బొమ్మ మారలేదు, ఒక్క కీచుమాట మారలేదు. ఆడుతూనే ఆవలించాడు. టోపీ తీసి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

అతని వరకే అయితే ఇది కథ కాదు. తుంగ ఉంది.

తుంగవేణి అతని ఒక్కగానొక్క కూతురు, ఇంటరు చదువుతోంది. వరద పోయినాక పుట్టిన పిల్లకు ముంచిన ఏటి పేరు పెడతారా అని వాడంతా అన్నా, సుంకన్న తల్లి ఉరుకుందమ్మ వినలేదు. "పేరు పెట్టి పిలుస్తాంటే ఏరైనా మాట వింటాది లే" అంది. ఏరు సంగతి ఏమో గానీ పిల్ల మాత్రం ఎవరి మాటా వినదు. అందరూ నిద్రపోయాక కంప్యూటరు ముందు, అందరూ లేచాక కూడా కంప్యూటరు ముందు. రెండేళ్లు కష్టపడి సొంతంగా ఒక ఆట కట్టింది.

ఆట పేరు 'పుట్టి'. పుట్టి అంటే తుంగభద్రలో తిరిగే, వెదురు తట్టకు తోలు కట్టినట్టుండే గుండ్రటి పడవ. మునిగిన కర్నూలు వీధుల్లో ఆ పుట్టి మీద పోయి మిద్దెల మీది మనుషుల్ని దించుకు రావాలి. ఒక్కరే తెడ్డు వేస్తే పుట్టి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. రెండో పక్క ఇంకొకరు వెయ్యాలి. అందుకని ఆ ఆట ఇద్దరు ఆడవలసిందే.

"నువ్వే మొదట ఆడాల నాయినా. నువ్వు బాగుందంటేనే ఇంగొకరికి చూపిస్తా. లేకుంటే తీసి పారేస్తా" అంది.

"పారేసేదేంది? నా పానం కట్టిన ఆట బాగలేకుండా పోతాదా" అన్నాడు సుంకన్న. పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ అతను దాన్ని 'నా పానమా' అనే పిలిచేవాడు.

తండ్రీ కూతురూ హాల్లో పక్కపక్కన కూర్చుని టోపీలు తొడుక్కున్నారు. నీళ్లు వచ్చాయి, మిద్దెలు వచ్చాయి, మిద్దె మీద ముసలమ్మ చెయ్యి ఊపింది. సుంకన్న తెడ్డు వేశాడు. వేస్తూనే టోపీ కొంచెం పైకెత్తి పక్కకు చూశాడు. కూతురు నాలుక కొంచెం బయటపెట్టి, నుదురు ముడిచి, ఊపిరి బిగబట్టి ఆడుతోంది. ఆ ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు. ముసలమ్మ దగ్గరికి చేరేసరికి అతనికి ఆవలింత వచ్చింది. ఆపుకుందామనుకున్నాడు. దవడలు వినలేదు.

తుంగ టోపీ తీసింది.

"నిద్దరొస్తాందా నాయినా?"

"ల్యా ల్యా. బాగుంది. శానా బాగుంది."

"ఏం బాగుంది?"

సుంకన్న నోరు తెరిచాడు. ఏం బాగుందో చెప్పడానికి అతను ఏమీ చూడలేదు.

"అదీ... నీళ్లు బాగున్నాయి" అన్నాడు.

తుంగ టోపీని కొక్కేనికి తగిలించి ఇంటికి పోయింది. ఆ తర్వాత ఆమె కంప్యూటరు మీద తువ్వాలు కప్పి ఉండటం చూశాడు. ఒకరోజు కాదు, రోజూ చూశాడు. తీసి పారేస్తానన్న పిల్ల ఏ పూట ఆ పని చేస్తుందోనని అతనికి కాళ్లు నిలవలేదు.

హాలు మీద మేడగదిని డాక్టరు పైడిరత్నం అద్దెకు తీసుకుని ఉంది. శ్రీకాకుళం దిక్కు మనిషి. దేశాలు తిరిగి చదువుకున్నది కాబట్టి మాట పుస్తకంలా ఉండేది. ఏ రుచీ లేకుండా పోయిన మనుషుల కోసం ఆమె ఒక యంత్రం తయారు చేసింది. అన్నం సయించని వాళ్లు, పండగొచ్చినా గుమ్మం దాటని వాళ్లు ఒకరిద్దరు మెట్లెక్కి పోతుండేవాళ్లు. వాళ్లలో గిడ్డయ్య అని బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయిన ముసలాయన ఉన్నాడు. భార్య పోయినాక అన్నం మానేసి చీపురుపుల్లయ్యాడు. ఇప్పుడు బుగ్గలొచ్చాయి.

సుంకన్న ఆయన్ని మెట్ల మీద పట్టుకున్నాడు. "ఎట్లుంది పెద్దాయనా?"

"తింటాండా నాయనా. రుచి తెలుస్తాంది."

"యాడనుంచి తెచ్చి పోసినారు రుచి?"

"నా దాంట్లోంచే. నా పెండ్లిలో బూందీ తిన్న గ్యాపకం ఉంటే, దాంట్లోంచి తీసినారు."

"పెండ్లి మర్చిపోయినావా మరి?"

"యాడ మర్చిపోతా? అంతా గుర్తుంది. అయితే ఎవరి పెండ్లికో పోయి తినొచ్చినట్టుంది."

"బాధగా ఉందా?"

గిడ్డయ్య బుగ్గ తడుముకున్నాడు. "బాధ ల్యా. అదే" అన్నాడు. అని దిగి పోయాడు.

ఆ 'అదే' దగ్గర సుంకన్న ఆగి ఉండవలసింది. ఆగలేదు. తువ్వాలు కప్పిన కంప్యూటరు కళ్ల ముందు ఉంది. మెట్లెక్కాడు.

"ఇది కొత్తగా ఏదీ పుట్టించదు సుంకన్న గారూ" అంది పైడిరత్నం. "ఒక పాత జ్ఞాపకానికి ఉన్న వేడిని తీసి ఇప్పటి పని మీద పోస్తుంది. ఏ జ్ఞాపకమో దానికి తెలియదు. మీరొక మాట ఇవ్వాలి. ఆ మాట మీలో ఎక్కడెక్కడ అంటుకుని ఉందో అక్కడికంతా పోతుంది. కాబట్టి ఆటకు తప్ప ఇంక దేనికీ అంటని మాట చూసుకుని రండి. తొందరపడకండి."

ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్పాడు. కూతురి కోసమని చెప్పలేదు, హాలు కోసమని చెప్పాడు. జయమ్మ "నీకేమన్నా మతి పోయిందా?" అంది. తుంగ తల ఎత్తలేదు. ఉరుకుందమ్మ మాత్రం శ్రద్ధగా విన్నది.

"పాత దాంట్లోంచి తోడి కొత్త దాంట్లో పోస్తారా? చెలమ మాదిరి" అంది.

"చెలమంటే ఏంది అవ్వా?" అంది తుంగ.

"నీ పేరు ఏట్లోనే గదనే ఉండేది, తెలీదా? ఎండాకాలం ఏరు ఎండితే ఇసుక తోడేవాళ్లం. గుంతలో నీళ్లూరేవి. అదే చెలమ. ఊకె ఇడిసిపెడితే ఊరదు, పూడుతాది. దినామూ తోడుతాండాల. పూడినాక తోడితే ముందు బురదే వస్తాది. బురదొచ్చిందని బిందె ఎత్తుకోని లేసిపోతే ఆ యేటికి ఇంగ నీళ్లు ల్యా."

"యంత్రం సంగతంటే చెలమ సంగతి చెప్తాది" అని జయమ్మ కంచాలు ఎత్తింది.

సుంకన్న మాట కోసం వెతికాడు. క్యాసెట్ అందామనుకున్నాడు. తండ్రి తత్వాలు పెట్టుకుని వినే క్యాసెట్లు గుర్తొచ్చాయి, వద్దనుకున్నాడు. ఊదు అందామనుకున్నాడు. చిన్నప్పుడు మోకాలు పగిలితే అమ్మ ఊదిన ఊదు అడ్డం వచ్చింది, అదీ వద్దనుకున్నాడు. బాషా భాయ్ అంటే మనిషాయె. అట్లా ఒక్కో మాటనూ చేటలో రాళ్లేరినట్టు ఏరి పక్కన పెట్టాడు. ఆఖరికి ఒకటి దొరికింది. దొరికేసరికి తనలో తనే నవ్వుకున్నాడు. అది తలచుకుంటే అతని చెవిలో ఖాజా గొంతు తప్ప ఇంకో గొంతు వినపడలేదు.

"పానం" అన్నాడు డాక్టరుతో.

"పానమా? తాగడమా?"

"కాదు మేడమ్. గేములో లైఫులని ఉంటాయి గదా, మేము పానాలనేటోళ్లం."

"ఆట మాటేనా?"

"ఆట మాటే."

"ఇంకెక్కడా వాడరు కదా?"

"ఇంగ యాడ వాడతాం మేడమ్, క్యాసెట్లే పాయె."

పైడిరత్నం ఆ మాటను యంత్రానికి ఇచ్చింది.

జల్లెడలాంటి తలపాగా ఒకటి పెట్టారు. 'పుట్టి' ఆటను ఎదురుగా నడిపిస్తూ, సుంకన్నను ఆ మాట అంటూ ఉండమన్నారు. పానం, పానం, పానం. అంటుంటే మొదట నవ్వొచ్చింది. తర్వాత ఛాతీలో ఏదో వెచ్చగా కదిలింది, పొయ్యి మీది నుంచి దించిన గిన్నెను పక్కకు జరిపినట్టు. ఎదురుగా నీళ్ల మీద పుట్టి ఊగింది. సుంకన్న ముందుకు వంగాడు. అతనికి తెలియకుండానే వంగాడు.

"అది... ఆ తెడ్డు ఇటియ్యండి మేడమ్!"

హాల్లో ఆ రోజు సుంకన్న కేకలు సందు చివరి దాకా వినపడ్డాయి. "అట్ల కాదు, ఎడమకు! ఎడమకు వెయ్యి! ముసలామె మిద్దె మింద ఉంది చూడు!" కాలేజీ పిల్లలు తమ టోపీలు తీసేసి అతన్ని చూశారు. తుంగను ఇంటి నుంచి పిలిపించాడు. పక్కన కూర్చోబెట్టుకుని పొద్దుగూకే దాకా ఆడాడు. ఏం బాగుందో చెప్పాడు. నీళ్లు గోడకు తగిలి వెనక్కి తిరిగే చోట తెడ్డు బరువెక్కడం బాగుందన్నాడు. బురుజు దగ్గర నీళ్ల వేగం తప్పన్నాడు, అక్కడ సుడి ఉండాలన్నాడు. మిద్దె మీది మనుషులు దిగేముందు ఒకసారి ఇంటిని వెనక్కి చూసుకోవాలన్నాడు.

తుంగ కళ్లు తళతళలాడాయి. ఆ రాత్రే కంప్యూటరు మీది తువ్వాలు తీసింది.

మర్నాడు ఆడాడు. ఆ మర్నాడూ ఆడాడు. మునుపు కాలు నిలవక తిరిగినవాడు ఇప్పుడు వేలు నిలవక ఆడాడు. అన్నం హాలుకే వచ్చింది, ఆరిపోయి తిరిగి వెళ్లింది. ఒకసారి తుంగ తెడ్డు ఆలస్యంగా వేస్తే పుట్టి తిరగబడింది.

"నువ్వు లెయ్" అన్నాడు సుంకన్న, టోపీ తీయకుండానే. "నీకు చాత కాదు. రెండో పక్క కంప్యూటర్నే వెయ్యమను."

తుంగ లేచింది. లేచి చాలాసేపు పక్కనే నిలబడింది. అతను చూడలేదు.

శుక్రవారం ఖాజా ఫోన్ చేశాడు. "పానముందా రా?"

"ఏం పని?" అన్నాడు సుంకన్న.

"పనేంది రా? ఊకెనే" అన్నాడు ఖాజా. పెట్టేశాడు. ఎప్పుడూ వినే గొంతే. రేడియోలో ధరలు చెప్పే గొంతులా వచ్చి పోయింది. సుంకన్నకు కొంచెం ఆశ్చర్యమైంది. అయితే పుట్టి బురుజు దగ్గర సుడిలో ఉంది, అటే తిరిగాడు.

ఇంటికి పోతే తల్లి గడప మీద కూర్చుని ఉంది. కొడుకు మొహం పట్టుకుని చూసింది. "పీక్కపోయినావు గదప్పా. పానం బాగుందా నాయనా?"

సుంకన్న ఆమె చేతిని చూశాడు. ముసలి చెయ్యి. వేళ్ల మీద ముడతలు. ఈ చెయ్యి తన మోకాలి మీద ఊదిన మనిషిదని అతనికి తెలుసు. రోడ్డు మీద రాయికి ఊరి పేరు రాసి ఉన్నట్టు తెలుసు. అంతే.

'బాధ ల్యా. అదే' అన్న గిడ్డయ్య మాట అప్పుడు గుర్తొచ్చింది.

లోపలికి పోయాడు. తుంగ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది, వీపు ఇటు. పిలుద్దామని నోరు తెరిచాడు. పదిహేడేళ్లుగా నోటికి అలవాటైన పిలుపు. "నా..." అన్నాడు. రెండో మాట నాలుక మీదికి వచ్చింది. అది బల్ల అన్నట్టుంది, కుర్చీ అన్నట్టుంది. మింగేశాడు.

తుంగ వెనక్కి తిరిగింది. "ఒగటి చెప్తా నాయినా, కోపం చేసుకోవు గదా?"

"చెప్పు."

"మొదటి తూరి ఆడినప్పుడు నువ్వు ఆటను చూడలే. నన్ను చూసినావు. నాకు తెల్సు, టోపీ సందులోంచి కనపడినావు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఆట చూడలేదే అని. ఇప్పుడు ఆటనే చూస్తాండావు. నన్ను చూడవు. ఇప్పుడు గూడా ఏడుపే వస్తాంది. నాదే తప్పా?"

సుంకన్న చెప్పులేసుకోకుండానే బయటికి వచ్చాడు.

మేడగదిలో పైడిరత్నం ఏవో తీగలు చుడుతోంది. "మేడమ్, అది ఎంత దూరం పోయింది?" అన్నాడు.

"ఏది?"

"ఆ మాట. మా అమ్మ మొహం పట్టుకోని 'పానం బాగుందా' అంటే నాకేమీ కాలే. బిడ్డను 'నా పానమా' అంటా నేను. నోట్లోంచి రాలే. మేము జరమొస్తే పానం బాగలేదంటాం. ముద్దొస్తే పానమంటాం. చచ్చిపోతే పానం పోయిందంటాం. చంకలో బిడ్డను పెట్టుకోని ఊరంతా వెతికినట్టు, ఆ మాట దినాం నా నోట్లోనే ఉంటే ఆట మాటని మీకిస్తి."

ఆమె తీగలు చుట్టడం ఆపింది. "ప్రాణం... అదా?" అంది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె నోట పుస్తకం మాట పోయి చిన్ననాటి మాట వచ్చింది.

"ఓలమ్మ. మాయమ్మ పేనం అంటాది. 'నా పేనమే, బువ్వ తిను' అని ఎనకాల పడేది. ఎన్నాళ్లయిందో ఆ మాట ఇని. నాకెందుకు తట్టలేదో. నాకెందుకు తట్టలేదు సుంకన్న గారూ?"

"తీసింది తిరిగి పొయ్యొచ్చా?" అన్నాడు.

"తోడి ఇసుకలో పోసిన నీళ్లు వెనక్కి రావు. ఆట మీద పోసింది కూడా కొన్నాళ్లకు ఆవిరైపోతుంది."

"పాత చోట మల్ల ఊరతాదా?"

"తెలీదు. గిడ్డయ్య గారికి ఊరలేదు. ఆయన మళ్లీ పెళ్లి ఊసెత్తలేదు. వేడి లేదు కదా, ఎందుకు తలచుకోవడమని వదిలేశారు." ఆమె తలపాగాను తీసి బీరువాలో పెట్టింది. తాళం వేసింది. "ఇంక ఎవరికీ పెట్టను. మీకు చెయ్యగలిగింది మాత్రం నా దగ్గర ఏమీ లేదు."

సుంకన్న ఇంటికి వచ్చి కూతురి పక్కన కింద కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. ఆవలింత దగ్గర్నుంచి చెప్పాడు. ఎక్కువ మాటలు అలవాటు లేని మనిషి, ఆగి ఆగి చెప్పాడు.

తుంగ వింటూ గోరు కొరుక్కుంది. చివరికి, "అయితే నా ఆట బాగుందనింది నువ్వా, మిషనా?" అంది.

"తెలీదు. ఈ ఉబ్బు దిగినాక మల్ల ఆడి చెప్తా."

"నిద్దరొస్తే?"

"నిద్దరొస్తే నిద్దరొచ్చిందనే చెప్తా. నీళ్లు బాగున్నాయని చెప్పను."

తుంగకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే పోయింది. "నా మింద ఉన్నది తీసి నా ఆట మింద పోసినావు. నన్ను ఒగమాట అడిగినావా?"

"అడగలే."

"మీ బాషా భాయ్ అంగట్లో అడక్కుండా తీస్కున్నోన్ని ఏమంటారు?"

"దొంగ" అన్నాడు సుంకన్న.

"దొంగ" అంది తుంగ. కంప్యూటరు కట్టేసి, ముసుగు కప్పుకుని పడుకుంది.

మర్నాడు పొద్దున సుంకన్న హాలు తెరవడానికి పోలేదు. వేళ్లు గుంజుతూనే ఉన్నాయి. టోపీ తొడుక్కోమని గుంజుతున్నాయి. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ముందు ఖాజాకు ఫోన్ చేశాడు. శుక్రవారం కాదు. "పానముందా రా?" అని తనే అడిగాడు. ఖాజా "ఉంది రా, ఏమైంది రా నీకు?" అన్నాడు. ఏమీ అనిపించలేదు. "రేపు మల్ల చేస్తా" అన్నాడు. తల్లి దగ్గరికి పోయి ఆమె అడగకముందే మొహం ముందుకు పెట్టాడు. ఆమె పట్టుకుంది. "పానం బాగుందా నాయనా?" అంది. "బాగయితాది మా" అన్నాడు.

తర్వాత తుంగ మంచం దగ్గర నిలబడ్డాడు. ఎండ కిటికీలోంచి ఆమె కాళ్ల మీదికి వచ్చింది.

"లెయ్, నా పానమా. తెల్లారింది."

మాట పొడిగా వచ్చింది. నోట్లో ఇసుక ఉన్నట్టుంది. క్యాసెట్ ఊదితే ఖాజా నోట్లోకి వచ్చిన పొడి లాంటిది.

ముసుగు కదల్లేదు. లోపలి నుంచి గొంతు వచ్చింది.

"ఏమన్నా వచ్చిందా నాయినా?"

సుంకన్న వెతుక్కున్నాడు. అబద్ధం చెప్పనని రాత్రే మాట ఇచ్చాడు.

"బురద" అన్నాడు.

"తోడు అయితే" అంది తుంగ, ముసుగు తీయకుండానే.

సుంకన్న మంచం పట్టె మీద కూర్చున్నాడు. మళ్లీ పిలిచాడు.